కంచుకోట యెవరికి?

రాజకీయ పక్షములవారి వాడుకలో 'కంచుకోట' యను మాట యొకటి కలదు. ఎన్ని యెన్నికలు వచ్చినను ఒకే పక్షము గెలుచుచుండు నియోజకవర్గమునకు ఆ పేరు పెట్టుదురు. పత్రికలవారు దానినే వల్లించుచుందురు; మనమును చదివి తల యూపుచుందుము. కోట యనగానే లోపలివారికి రక్షణ కలదని తోచును. కాని యీ కోటవలన రక్షణ పొందువా రెవరు? లోపల కాపురముండు ప్రజలా? లేక వారి వోట్లపై తనకు శాశ్వతహక్కు కుదిరినదని తలంచు పక్షమా? ఈ ప్రశ్న వేయకుండ ఆ మాటను మెచ్చుకోలుగా వాడుట ప్రజలకు అపచారమని నా వాదము. అందులకు సాక్ష్యముగా ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు పడమటి శివారున నున్న ఫౌలరు పార్లమెంటు నియోజకవర్గమును చూపదలచితిని.

దూరదేశపు ముచ్చట మనకేల యని కొందరు అడుగవచ్చును. సిడ్నీ పడమటి పేటలలో నేడు తెలుగు కుటుంబములు వేలకొలది కలవు; మన పాఠకులలో పలువురి బిడ్డలు అక్కడి వోటర్లు. అదియుగాక, శ్రమజీవుల వోటును తాతలనాటి మాన్యముగా నెంచు దురభ్యాసము ఏ యొక్క దేశమునకో పరిమితమైనది కాదు. ఒక యింట దొంగలు పడిన తీరు తెలిసికొన్నచో పొరుగింటివారు తమ తలుపు గడియ చూచుకొందురు.

ఫౌలరు వర్గము నగరపు నడిబొడ్డునకు నైరృతి దిశగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. కాబ్రమట్టా, కాన్లీవేలు, బానీరిగ్గు మొదలగు పేటలును, ఫెయిర్‌ఫీల్డు, లివర్‌పూలు పట్టణములలోని భాగములును దీనిలో చేరినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఐరోపానుండి వచ్చిన వలసజనమును దింపుటకై కాబ్రమట్టా, విల్లవుడ్డు ప్రాంతములలో ప్రభుత్వ వసతిగృహములు వెలసెను. 1975లో సైగాను పతనమైన తరువాత వియత్నాము, కాంబోడియా, లావోసు దేశములనుండి వచ్చిన శరణార్థులలో ననేకులు ఆ వసతిగృహములలోనే దిగి, వాని చుట్టుపట్లనే సంసారములు నిలుపుకొనిరి. ఆ పిమ్మట ఇరాకునుండి అస్సీరియను, కాల్డియను క్రైస్తవులును, 2016, 2017 ప్రాంతమున సిరియా యుద్ధమునుండి తప్పించుకొని వచ్చినవారును ఇచటనే చేరిరి. ఇక్కడి జనులలో సగముకంటె ఎక్కువమంది ఆస్ట్రేలియాకు వెలుపల పుట్టినవారు. ఇంటిలో ఇంగ్లీషుగాక వేరొక భాష మాట్లాడుకొనువారే అధికులు. కర్మాగారములలోను గోదాములలోను పని, బరువుబండ్లు తోలుట, వృద్ధుల శరణాలయములలో ఉపచారము, ఇంటనే కూర్చుండి కుట్టుపని—ఇట్టివి వీరి జీవనాధారములు. నగరమునకు బట్ట కుట్టి, సరకు మోసి, రోగికి పక్క పరచువారు వీరే యని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఈ వర్గము 1984లో నేర్పడినది. నాటినుండి 2022 వరకు, అనగా 38 సంవత్సరములు, లేబర్ పక్షముదే గెలుపు. టెడ్ గ్రేసు, జూలియా ఇర్విను, క్రిస్ హేసు అను మువ్వురే ఆ కాలమంతయు సభ్యులు. 2019 ఎన్నికలో హేసునకు మొదటి ప్రాధాన్యపు వోట్లలోనే నూటికి 54 పైచిలుకు వచ్చెను. ఇరుపక్షముల తుదిలెక్కలో నూటికి 64 చేరెను. ఎన్నికల పండితులు ఇట్టి వర్గమును గూర్చి ఒక్క వాక్యముతో ముగింతురు: 'ఇది లేబర్‌వారిది' అని. ఆ 'ది' యను షష్ఠీవిభక్తి లోనే యున్నది దోషమంతయు.

వర్గము పక్షముయొక్క సొత్తైన పిమ్మట అందలి మానవులు లెక్కలోనికి రాని వస్తువు లగుదురు. 2010లో జరిగిన మార్పు చూడుడు. నియోజకవర్గముల సరిహద్దులు సవరింపబడగా లారీ ఫెర్గూసను అను సభ్యునకు స్థానము కరవయ్యెను. ఆయనను వెరీవా వర్గమునకు పంపిరి. వెరీవా సభ్యుడైన హేసును ఫౌలరునకు జరిపిరి. చదరంగపు బల్లమీద బంటును జరిపినంత సులువుగా పని ముగిసెను. హేసు మంచివాడా చెడ్డవాడా యనునది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ జరుపుటలో కాబ్రమట్టా గృహస్థునకు వంతు లేకపోవుటయే ప్రశ్న.

కంచుకోటకు కలుగు నష్టము ఇంతటితో పోదు. నిధుల పంపకమునను అది వెనుకబడును. 2020 జనవరిలో ఆస్ట్రేలియా జాతీయ ఆడిటరు జనరలు ఒక నివేదిక వెలువరించెను. ప్రజాసంఘముల క్రీడాసౌకర్యములకై యుద్దేశింపబడిన 10 కోట్ల డాలర్ల నిధిని పంచుటలో, మంత్రి కార్యాలయము స్వల్పాధిక్యముతో తేలు స్థానములపైనను, తమ పక్షము గెలువగోరు స్థానములపైనను దృష్టి నిలిపినదని అందు తేలెను. ఆనాటి ప్రభుత్వము లేబర్‌ది కాదు, దాని ప్రత్యర్థులది. కనుక దీనిలోని నీతి యిది: తప్పక ఓడుదుమనుకొన్న చోట ఒక పక్షము పైస విదల్పదు, తప్పక గెలుతుమనుకొన్న చోట రెండవ పక్షము చెమట విదల్పదు. ఇద్దరి లెక్కలనడుమ కంచుకోటలోని బిడ్డకు ఆటస్థలము దొరకదు.

మరియొక సంగతి. ఆస్ట్రేలియాలో 1924 చట్టమునుబట్టి పార్లమెంటు ఎన్నికలలో వోటువేయుట నిర్బంధము. వేయనివారికి జుల్మానా కలదు. వోటరు ఒక్క గుర్తు పెట్టి యూరకుండరాదు. పత్రముమీది అభ్యర్థులందరికిని 1, 2, 3 అని వరుసగా అంకెలు వేయవలెను. రాష్ట్రపు ఎన్నికలలో ఒక్క అంకె వేసినను చెల్లును. పార్లమెంటు ఎన్నికలో చెల్లదు. ఈ భేదము పరభాషలో చదువలేని వోటరును తికమక పెట్టును. ఫలితమేమనగా, 2022లో దేశమున చెల్లని వోట్లు నూటికి 5 ప్రాంతముండగా ఫౌలరులో అవి సుమారు పదింట ఒకటి. పది గడపలలో ఒక గడప నోరు మూసినట్లే గదా! ఇదే దుస్థితి పోటీ తీవ్రమైన వర్గములో కలిగినయెడల ఉభయపక్షములవారును ఇంటింటికి వచ్చి, వారివారి భాషలలో పత్రమును చేత పట్టించి నేర్పియుందురు. ఇక్కడ పక్షమునకు ఆ పదవవంతు వోట్లతో అవసరము లేదు. అవి లేకున్నను గెలుపు ఖాయము. గెలుపునకు అవసరము లేని మానవుని విద్యతో పక్షమునకేమి పని?

ఇట్టి స్థితిలో 2021వ సంవత్సరము వచ్చెను. కోవిడు మహమ్మారి సిడ్నీలో వ్యాపింపగా ఫెయిర్‌ఫీల్డు మొదలగు పడమటి పురపాలక ప్రాంతములపై తక్కిన నగరమునకంటె కఠినమైన ఆంక్షలు విధింపబడెను. వెలుపలికి పనికిపోవు ఫెయిర్‌ఫీల్డు కార్మికులు మూడుదినముల కొకసారి పరీక్ష చేయించుకొనవలసి వచ్చెను. ఆగస్టులో పోలీసులకు తోడుగా 300 మంది సైనికులు ఈ పేటలలోనికి దిగిరి. ఆ నెలలోనే రాత్రి 9 గంటలనుండి తెల్లవారు 5 గంటలవరకు ఇల్లు కదలరాదను శాసనము వచ్చెను. సముద్రతీరపు సంపన్నుల పేటలకు ఈ శాసనము లేదు. సైనికుల బూటుచప్పుడు విని స్వదేశము విడిచి పారివచ్చిన వృద్ధులు తమ వీథిలో మరల ఆ చప్పుడు వినిరి. రోగనివారణము అవసరమే, దానిని నేను కాదనను. కాని ఒకే నగరములో ఒకే రోగమునకు రెండు విధముల చట్టమా యని ఆ ప్రజలు మనసున నొచ్చుకొనుట సహజము.

సరిగా ఆ గృహనిర్బంధపు దినములలోనే, 2021 సెప్టెంబరులో, వారి పార్లమెంటు స్థానము వేరొకరికి ధారాదత్తమయ్యెను. హేసు విరమించుచు తన స్థానమునకు టూ లే అను యువతిని సూచించియుండెను. ఆమె వియత్నాము శరణార్థుల కుమార్తె. పడమటి సిడ్నీలో పెరిగినది. వలసకార్మికులకు న్యాయసహాయము చేసిన న్యాయవాది. కాని పక్షపెద్దలకు వేరొక చిక్కు వచ్చిపడెను. న్యూసౌత్‌వేల్సు రాష్ట్రమునకు పూర్వము ప్రధానమంత్రిణిగా నుండి, అప్పటికి సెనేటులో ప్రముఖురాలైన క్రిస్టినా కెనీలీకి సెనేటు జాబితాలో గెలుపు ఖాయమైన స్థానము కుదురలేదు. ఆ పక్షములోని ఇంటిపోరు తీరుటకై ఫౌలరు ఆమెకు కట్టబెట్టబడెను. స్థానిక సభ్యుల వోటు తీసికొనలేదు. అప్పటికి ఆమె నివాసము నగరమునకు ఉత్తరపు కొసనున్న స్కాట్లండు దీవి. పడవ యెక్కినగాని ఆ దీవికి చేరరాదు. నియోజకవర్గమునకు నివాసము మార్చెదనని ఆమె చెప్పినమాట నిజమే. కాని ముందు వివాహము నిశ్చయించి, పిమ్మట వధువును చూచెదమనుట యెట్టి సంప్రదాయము?

ఇందులకు పక్షనాయకుడు ఆంథొనీ ఆల్బనీసీ చెప్పిన సమాధానము ఇంకను విచిత్రము. ఆమెయు అమెరికాలో పుట్టి వలసవచ్చినదే గనుక వలసజనుల వర్గమునకు తగినదేనట! విమానమున వచ్చి ఇష్టపూర్వకముగా స్థిరపడిన వలసయు, ఇల్లువాకిళ్లు కోల్పోయి శరణార్థుల శిబిరములలో ఏండ్లు గడిపిన వలసయు ఒక్కటే యని చెప్పుట, ఏకాదశినాడు ఉపవాసమున్నవాడును అన్నములేక పస్తున్నవాడును సమానులే యనినట్లున్నది.

2022 మే 21న ఎన్నిక జరిగెను. దేశమంతట లేబర్ పక్షము గాలి వీచెను. తొమ్మిదేండ్ల పిమ్మట అది ప్రభుత్వము నేర్పరచెను. ఆ విజయదినముననే దాని కంచుకోట కూలెను. మొదటి ప్రాధాన్యపు వోట్లలో లేబర్ భాగము నూటికి 54 నుండి 36కు పడిపోయెను. స్వతంత్ర అభ్యర్థిని డై లే 29 పైచిలుకుతో రెండవస్థానమున నిలిచి, తక్కిన అభ్యర్థుల తరువాతి ప్రాధాన్యములు చేరగా నూటికి 51.6తో గెలిచెను. ఆమె చిన్ననాట వియత్నామునుండి పారివచ్చి, శిబిరములు దాటి ఆస్ట్రేలియా చేరిన శరణార్థి. ఫెయిర్‌ఫీల్డు పురపాలకసంఘమున చిరకాలము పనిచేసినది. మొదట లిబరల్ పక్షమున నుండినది. 2016లో ఆ పక్షపు అభ్యర్థికి ఎదురు నిలిచినందున దానికి దూరమైనది. ఏ పక్షపు టిక్కెట్టు లేని ఆమె, నూటికి 14 అధిక్యముతో నిశ్చింతగా నిద్రించుచుండిన పక్షమును మేలుకొలిపెను.

ఓడినవారి తరఫున మూడు వాదములు వినవచ్చినవి. వానిని ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటిది: 'వియత్నామువారు తమ జాతి స్త్రీకి వోటిచ్చిరి, ఇందు రాజకీయమేమియు లేదు' అనునది. శ్రమజీవులు పక్షమునకు వోటిచ్చినప్పుడు వివేకులు, ఇయ్యనప్పుడు జాత్యభిమానులు! ఈ వాదమును 2025 ఎన్నికయే ఖండించినది. ఆ యేడు లేబర్ పక్షము తప్పు దిద్దుకొని, నాలుగేండ్ల క్రిందట పక్కకు నెట్టిన టూ లేనే నిలిపెను. ఇరువురును వియత్నాము సంతతివారే. పైగా ఆ యెన్నికలో లేబర్ పక్షము 150 స్థానములలో 94 గెలిచిన మహావిజయము పొందెను. అయినను ఫౌలరు ప్రజలు డై లేనే మరల నెన్నుకొనిరి. జాతియే కారణమైనయెడల ఈ ఫలితమునకు అర్థమేమి? తలుపు తట్టినప్పుడు తెరువని యింటికి, మరునాడు పిలిచినను అతిథి తొందరపడి రాడనుటయే అర్థము.

రెండవ వాదము: 'సమర్థులైన నాయకులకు పార్లమెంటులో చోటుండవలెను, భద్రస్థానములు లేనిచో వారెట్లు వత్తురు?' అనునది. సమర్థులు కావలసినదే. కెనీలీ సమర్థురాలు కాదని నేననను. కాని యీ 'సమర్థుల' భారము మోయుట యెల్లప్పుడు పేదల పేటలకే యేల పడును? సంపన్నుల వర్గములో స్థానికులు తమకు తగినవానిని తామే యెన్నుకొందురు. కార్మికుల వర్గమునకు మాత్రము పైనుండి పంపకము జరుగును. తమలో సమర్థులు పుట్టరనియా దీని భావము? పడమటి సిడ్నీలో పెరిగిన బాలిక న్యాయశాస్త్రము చదివి నిలువబోగా, 'అమ్మా, నీ వంతు ఇంకను రాలేదు' అని చెప్పుట విద్యనే అవమానించుట. ఇట్టి మాట ఒక్కసారి విన్న పేటలో ఎందరు బాలికలు మరల ప్రజాసేవను తలంతురు?

బయటివారు రానేరాదనుటయు నా మతము కాదు. అదే కాబ్రమట్టా చరిత్రలో దీనికి గొప్ప యుదాహరణ మున్నది. గాఫ్ విట్లము వెరీవా వర్గపు సభ్యుడు, చదువుకొన్న, కలిగిన కుటుంబమువాడు, కార్మికుడు కాడు. సరిహద్దులు మారి తన యిల్లు వర్గమునకు వెలుపల పడగా, ఆయన 1957లో కాపురమును కాబ్రమట్టాకు మార్చెను. నాడు ఆ శివారులలో వేలాది యిండ్లకు భూగర్భ మురుగుకాలువలు లేవు. వానిమధ్య నివసించిన సభ్యుడు మురుగుకాలువను జాతీయసమస్యగా చేసెను. 1972లో ప్రధానమంత్రియైన పిమ్మట దేశపు ధనమును ఆ పనికి మరలించెను. విదేశాంగ విషయములలో పండితుడైన ప్రధాని మరుగుదొడ్డి గూర్చి మాట్లాడుటకు సిగ్గుపడలేదు. ఏలయనగా ఆ వాసన ఆయన పెరటికిని వచ్చుచుండెను. సభ్యుని పుట్టుక కాదు, ఆయన పెరడు ముఖ్యము. ప్రతినిధి జనుల నడుమ నివసించుటలోని మహిమ ఇంతే.

మూడవ వాదము: 'స్వతంత్రులు ఏమి చేయగలరు? ప్రభుత్వమునకు దగ్గరగానుండు పక్షసభ్యుడే మేలు' అనునది. ఇందు కొంత నిజము కలదు. ఒంటరి సభ్యురాలు చట్టము చేయజాలదు, మంత్రి కాజాలదు. ఫౌలరు కష్టములన్నియు ఒక్క యెన్నికతో తీరినవని నేను చెప్పను. కాని ముప్పదియెనిమిదేండ్లు పక్షసభ్యులే యుండిరి గదా. పదింట ఒక వోటు చెల్లకుండ పోవుట ఆగినదా? స్వతంత్రురాలు తెచ్చిన లాభము ఆమె చేయు పనిలో మాత్రమే లేదు. ఇకమీదట ఇరుపక్షములును ఆ పేట తలుపు తట్టక తప్పదనుటలో నున్నది. సందేహాస్పదమైన వోటే గౌరవింపబడు వోటు.

ఈ వర్గమునకు పేరిచ్చిన లిలియను ఫౌలరు కథ ఇక్కడ స్మరింపదగినది. ఆమె 1938–39లో న్యూటౌను పురాధ్యక్షురాలై, ఆస్ట్రేలియాలో ఆ పదవి నలంకరించిన మొట్టమొదటి స్త్రీ యయ్యెను. 1944లో ఆమె రాష్ట్రశాసనసభకు పోటీచేసి గెలిచినది. ఎవరిమీద? అధికారిక లేబర్ పక్షపు అభ్యర్థిమీదనే! పక్షమును ధిక్కరించి ప్రజలచే గెలిచిన స్త్రీ పేరు పెట్టుకొన్న నియోజకవర్గమును పక్షపు సొత్తని భావించినవారు, ఆ పేరు చరిత్రనైన చదివియుండవలసినది.

ఇక మన సంగతి. మన చట్టమునుబట్టి దేశములో ఏ నియోజకవర్గమున వోటరైనవాడైనను ఏ లోకసభ స్థానమునకైనను నిలువవచ్చును. 1980లో ఇందిరా గాంధీ ఉత్తరదేశపు రాయబరేలీనుండియు మన మెదకునుండియు గెలిచి, మెదకును నిలుపుకొనెను. చట్టమందు తప్పులేదు. కాని అభ్యర్థిని నిర్ణయించునది యెవరు? బి-ఫారము ఏ చేతినుండి వచ్చును? పక్షపు స్థానిక సభ్యులు రహస్యముగా వోటువేసి తమ అభ్యర్థిని తామే యెన్నుకొను పద్ధతి మనలో ఎక్కడ నున్నది? నామినేషను గడువు రేపు ముగియుననగా నేటిరాత్రి పేరు తెలియు ప్రజలను ప్రభువులని పిలుచుట పరిహాసము.

సంస్కరణము కోరు గృహస్థులు చేయవలసిన పనులు కష్టమైనవి కావు. మనము సభ్యులమైన పక్షము ఏదైనను, అభ్యర్థి నిర్ణయమున స్థానికుల వోటు కావలెనని అడుగుదము. మన యింట పనిచేయు స్త్రీకి, మన వీథి చివర బండి నిలుపువానికి వోటు వేయు పద్ధతి వారి భాషలో విడమరచి చెప్పుదము. ఆస్ట్రేలియాలో నున్న మన బిడ్డలకు జాబు వ్రాయునప్పుడు, జుల్మానాకు వెరచి వోటు వేయుటతో ఆగక, తమ వర్గములో అభ్యర్థి యెట్లు నిర్ణయింపబడెనో విచారింపుడని వ్రాయుదము. అన్నిటికంటె ముఖ్యముగా, 'మన కులమువారు, మన పేటవారు ఎప్పుడును ఆ పక్షమునకే' యని గర్వముతో చెప్పుట మానుదము. ఆ వాక్యము వినిన మరుక్షణమే ఆ పక్షమువారు మన పేరు కొట్టివేసి వేరొక వీథికి పోవుదురు.

పక్షమునందు విశ్వాసముంచుట తప్పు కాదు. ఫౌలరు కార్మికులు 38 ఏండ్లు ఉంచిన విశ్వాసమునకు కారణములు కలవు. సంఘములు కట్టి కూలి పెంచినది ఆ పక్షమే. కాని విశ్వాసము అప్పువంటిది. ఇచ్చినవాడు లెక్క అడిగినప్పుడే పుచ్చుకొన్నవాడు దానిని గుర్తుంచుకొనును. కోటగోడలు కట్టినది ప్రజలే. ద్వారపు తాళపుచెవియు వారి కొంగుననే ముడివేసి యున్నది. కాబ్రమట్టా ముంగిళ్లలో కుట్టుమిషను త్రొక్కు తల్లులు ఒకనాడు ఆ ముడి విప్పి చూచుకొనిరి. మనమును మన కొంగులు తడిమి చూచుకొందము.